అందెనో, అందలేదో! - యంత్రాల నడుమ ఉత్తరాల చరిత్ర



ఛందస్సు, వ్యాకరణం అంటూ కాలక్షేపం చేసే ఈ పెద్దాయన ఉన్నట్లుండి కంప్యూటర్ల జోలికి ఎందుకు వచ్చాడా అని మీలో కొందరు ఆశ్చర్యపోవచ్చు. కారణం ఒక కరెంటు బిల్లు.

ఆ మధ్య ఒక సాయంత్రం సెల్‌ఫోనులో బిల్లు కట్టబోయాను. నా ఖాతా నుండి 1,140 రూపాయలు తీసివేసినట్లు బ్యాంకు సందేశం తక్షణమే వచ్చింది. బిల్లు ముట్టినట్లు రసీదు మాత్రం రాలేదు. తెరపై ఒక చక్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. గడువు మరునాటితో సరి. మళ్లీ కడితే రెండు మార్లు పోతుందేమోనని భయం, కట్టకుంటే గడువు దాటుతుందని భయం. సాఫ్ట్‌వేరు కొలువులో ఉన్న మా మేనల్లునికి ఫోను చేశాను.

"మళ్లీ నొక్కకండి మామయ్యా. డబ్బు ఎక్కడికీ పోలేదు, దారిలో ఉంది" అన్నాడు.

"దారిలో ఉండడానికి అదేమన్నా ఎడ్లబండిరా? నా ఖాతాలో లేదు, వాళ్ల ఖాతాలో లేదు. త్రిశంకు స్వర్గంలో ఉందా?"

"అక్షరాలా అక్కడే ఉంది. దానికొక శాస్త్రం కూడా ఉంది" అని నవ్వాడు.

మరునాడు కౌంటరు వద్ద నిలబడి బిల్లు కట్టి వచ్చాను. నాలుగవ నాడు ఆ 1,140 రూపాయలు ఎవరూ అడగకుండానే నా ఖాతాకు తిరిగి వచ్చాయి. వాటిని వెనక్కి పొమ్మని ఎవరు చెప్పారు? ఈ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. పండుగకు వచ్చినప్పుడు మేనల్లుడు ఆ శాస్త్రానికి చెందిన లావుపాటి గ్రంథమొకటి తెచ్చి ఇచ్చాడు. దానిని పట్టుకొని వెనక్కి వెనక్కి వెళితే కంప్యూటర్లు పుట్టక మునుపటి ఇంగ్లండు రైళ్ల వరకూ దారి పోయింది. చదివినది చదివినట్లు మీతో పంచుకొందామని ఈ టపా.

1840 ప్రాంతాలలో ఇంగ్లండులో రైలుమార్గాలు అనేక కంపెనీల చేతులలో ఉండేవి. ఒక కంపెనీ పట్టాలు ముగిసిన చోట మరొక కంపెనీ పట్టాలు మొదలు. సరిహద్దు దాటే ప్రయాణికునికి ఒకే టిక్కెట్టు ఇవ్వాలంటే, మొదటి కంపెనీ వసూలు చేసిన సొమ్ములో మిగతావారి వాటా ఎవరు లెక్కగట్టాలి? ఒకరి వ్యాగను మరొకరి పట్టాల మీద ఎన్ని మైళ్లు తిరిగిందో ఎవరు చెప్పాలి? దీనికోసం 1842లో లండనులో రైల్వే క్లియరింగ్ హౌస్ అనే సంస్థ ఏర్పడింది. కంపెనీల కూడళ్లలో దాని గుమాస్తాలు నిలబడి, దాటిపోయే ప్రతి వ్యాగను నంబరును పుస్తకంలో వ్రాసుకొనేవారు. కంపెనీలు తమ తమ లెక్కలను ఒకే నమూనా పత్రాలలో లండనుకు పంపేవి. అక్కడ మైళ్ల ప్రకారం వాటాలు తేల్చి, చివరికి ఎవరు ఎవరికి ఎంత తేడా చెల్లించాలో మాత్రమే చెప్పేవారు.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉంది. ఏ కంపెనీనీ తన చిట్టా ఆవర్జాలు మూసివేసి మరొకరి పుస్తకంలో వ్రాయమని ఎవరూ అడగలేదు. ఎవరి పుస్తకం వారిదే. కలిసినది వారి నడుమ నడిచే కాగితం మాత్రమే. ఆ కాగితానికి ఒక నిర్ణీత రూపం, ప్రతి వ్యాగనుకూ ఒక గుర్తు, తగవు వస్తే చూడడానికి మధ్యస్థుడు. నేటి శాస్త్రపు బీజాలన్నీ ఇందులో ఉన్నాయి. మన తరంవారు చిన్నప్పుడు రైలెక్కేటప్పుడు పట్టుకొన్న దళసరి అట్టముక్క టిక్కెట్టు గుర్తుందా? వరుస సంఖ్య అచ్చువేసిన ఆ టిక్కెట్టు పద్ధతిని కనిపెట్టినవాడు థామస్ ఎడ్మండ్సన్. ఈ క్లియరింగ్ హౌస్ చేపట్టిన తరువాతనే అది ఆ దేశమంతటా వ్యాపించింది. కంప్యూటర్లు వచ్చేదాకా మన రైల్వేలోనూ అదే చెల్లింది.

ఒక శతాబ్దం తరువాతి మాట. 1948లో సోవియట్ సైన్యం బెర్లిను నగరానికి నేలదారులు మూసివేసింది. అమెరికా, బ్రిటను విమానాల మీద తిండిగింజలు, బొగ్గు చేరవేయవలసి వచ్చింది. 1949లో అది ముగిసేనాటికి మోసిన సరుకు ఇరవై లక్షల టన్నులకు పైమాట. సరుకుతో వచ్చే పత్రాలు ఒక్కొక్కచోట ఒక్కొక్క రూపంలో ఉండడంతో, ఏ విమానంలో ఏమున్నదో తెలియని పరిస్థితి. అప్పుడు ఎడ్వర్డ్ గిల్బర్ట్ అనే సైనికాధికారి, టెలెక్సులో గాని రేడియోలో గాని టెలిఫోనులో గాని పంపదగిన ఒకే నమూనా జాబితాను తయారుచేశాడు. తరువాతి దశాబ్దాలలో కంపెనీల కంప్యూటర్లు ఒకదానికొకటి ఆర్డర్లు, ఇన్వాయిసులు పంపుకొనే పద్ధతికి ఆయననే ఆద్యునిగా చెబుతారు. ఇక బ్యాంకుల సంగతి: 1973లో 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు బెల్జియంలో స్విఫ్ట్ అనే సహకార సంస్థను స్థాపించాయి. 1977లో దాని సందేశాలు నడవడం మొదలయింది. అంతకు ముందు టెలెక్సులో ఎవరికి తోచిన వాక్యాలు వారు వ్రాసేవారు. స్విఫ్ట్ వచ్చాక ఏ గడిలో ఏది వ్రాయాలో నిర్ణయమయింది.

భాష కుదిరింది. కాని అసలు చిక్కు భాషలో లేదు.

1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసంలో ఈ చిక్కును వివరించారు. 1978లో జిమ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు దానికి ఇద్దరు సేనాపతుల సమస్య అని పేరు పెట్టాడు. రెండు కొండల మీద ఇద్దరు సేనాపతులు ఉన్నారు. నడుమ లోయలో శత్రువు. ఇద్దరూ ఒకే వేళ దాడి చేస్తేనే గెలుపు, ఒక్కడే దిగితే నాశనం. మొదటివాడు 'రేపు ఉదయం' అని వార్తాహరుని పంపాడు. వాడు లోయలో చిక్కిపోవచ్చు. అందువల్ల రెండవవాడు 'అందింది' అని తిరుగు కబురు పంపాలి. ఆ కబురు చేరినదో లేదో రెండవవానికి ఎలా తెలుస్తుంది? దానికి మరొక జవాబు కావాలి. జవాబుకు జవాబు, దానికి మరొక జవాబు. ఎన్ని కబుర్లు పంపినా చివరి కబురు సందేహమే. దారి నమ్మదగినది కానప్పుడు, ఎన్ని జవాబులు నడిపినా ఇద్దరికీ ఏకకాలంలో నిశ్చయం కలగదని నిరూపణ. తెలివి చాలక కాదు, అది స్వభావతః అసాధ్యం.

ఇది చదివినప్పుడు నా కరెంటు బిల్లు కళ్లముందు కదిలింది. బ్యాంకు ఒక కొండ, కరెంటు ఆఫీసు మరొక కొండ. నేను లోయలో నిలబడి ఉన్నాను.

మరి లోకం ఎలా నడుస్తున్నది? మొదట ఒక ఉపాయం ఆలోచించారు. దాని పేరు టూ ఫేజ్ కమిట్, అనగా రెండంచెల ఒప్పందం. గ్రే 1978లో దీనిని విశదంగా వర్ణించాడు. మన పద్ధతిలో చెబితే ఇది పెళ్లిపెద్ద చేసే పని. పెద్దమనిషి ముందు వరునివైపు వారిని, తరువాత వధువువైపు వారిని 'మీకు సమ్మతమేనా?' అని అడుగుతాడు. ఇరువురూ సరేనన్నాక తాంబూలాలు మార్పిస్తాడు. ఎవరు కాదన్నా అంతటితో ఆపివేస్తాడు. చక్కటి పద్ధతే. కాని ఇరువురి చేతా సరే అనిపించుకొని, తాంబూలాలకు ముందు ఆ పెద్దమనిషే కనబడకుండా పోతే? ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేరు, ముందుకు సాగలేరు, వేరొక సంబంధం చూడలేరు. ఇరుపక్షాలూ గుమ్మంవైపు చూస్తూ కూర్చోవలసిందే. ఒకే యాజమాన్యం కింద ఉన్న రెండు మూడు యంత్రాలకు ఈ పద్ధతి సరిపోతుంది గాని, దేశాంతరాలలో ఉన్న వేరు వేరు సంస్థలు ఒకరికోసం ఒకరు ఇలా బిగుసుకొని కూర్చోలేవు.

ఇంతలో 1980, 90 దశకాలలో ఒక్కొక్క కంపెనీలోనే పది పన్నెండు కంప్యూటర్ వ్యవస్థలు పెరిగాయి. జీతాలకు ఒకటి, గిడ్డంగికి ఒకటి, ఖాతాదారులకు ఒకటి. పదింటిని ప్రతిదానినీ ప్రతిదానితో కలపాలంటే నలభై అయిదు అతుకులు. ఇరవై అయితే నూట తొంభై. అమెరికా వెళ్లిన నా శిష్యులను "అక్కడ ఏమి పని నాయనా?" అని అడిగితే, "రెండు సిస్టములను కలుపుతాం మాస్టారూ" అని చెప్పేవారు. అదేమంత పనియా అని లోలోపల అనుకొనేవాడిని. ఆ అజ్ఞానానికి ఇప్పుడు క్షమాపణ చెప్పుకొంటున్నాను.

కలిపే మార్గాలు నాలుగని మేనల్లుడిచ్చిన గ్రంథం చెబుతుంది. మొదటిది ఫైలు పంపడం. రోజంతా పోగైన లెక్కను రాత్రికి మూటగట్టి పంపడమన్నమాట. సులువే గాని తెల్లవారేదాకా అవతలివారికి పాత లెక్కే తెలుసు. రెండవది ఉమ్మడి డేటాబేసు. ఉమ్మడి కుటుంబంలో అందరికీ ఒకే బీరువా అన్నట్లు. ఒక కోడలు అర సర్దితే మరొక కోడలికి వస్తువు దొరకదు. మూడవది దూరం నుండే ఎదుటి వ్యవస్థ చేత పని చేయించుకోవడం. 1984లో బిరెల్, నెల్సన్ అనేవారు దీని నిర్మాణాన్ని చక్కగా వివరించారు. ఇది ఫోను చేయడం వంటిది. అవతలివారు ఎత్తితేనే పని జరుగుతుంది, ఎత్తేదాకా ఇవతలివారు రిసీవరు పట్టుకొని నిలబడాలి. నాలుగవది సందేశం, అనగా ఉత్తరం. పోస్టుపెట్టెలో వేసి మన పని మనం చూసుకొంటాం. అవతలివారు ఊళ్లో లేకున్నా, వచ్చాక చదువుకొంటారు.

వ్యాకరణం చెప్పి బ్రతికినవాడిని కనుక నాకు దీనిలో ఒక పోలిక తట్టింది. రెండు అచ్చులు ఎదురుపడినప్పుడు సంధి జరిగితే ఒక అచ్చు లోపిస్తుంది. ఉమ్మడి డేటాబేసు అటువంటిది. కలిసినందుకు ఎవరో ఒకరు తమ రూపాన్ని కోల్పోవాలి. సంధి జరగని చోట యడాగమం వస్తుంది. 'మా' అన్నది, 'అమ్మ' అన్నది రెండూ చెక్కుచెదరకుండా నడుమ ఒక యకారం చేరి 'మాయమ్మ' అవుతుంది. ఆ యకారానికి సొంత అర్థం లేదు. ఇరువురినీ వారి వారి రూపాలలో నిలిపి కలపడమే దాని పని. ఈ సందేశ వాహకాలు సరిగ్గా అటువంటివే. ముంబయిలో పుట్టి అమెరికా చేరిన వివేక్ రణదివే 1980లలో 'ఇన్ఫర్మేషన్ బస్' అనే సాఫ్ట్‌వేరును వాల్‌స్ట్రీట్ వ్యాపారుల బల్లల మీదికి చేర్చాడు. ఒకరు ధర ప్రకటిస్తే, కావాలని నమోదు చేసుకొన్న అందరికీ అది చేరేది. 1993లో ఐబీఎం సంస్థ ఎంక్యూసిరీస్ అనే సందేశపు వరుసను తెచ్చింది. అవతలి యంత్రం ఆగిపోయినా ఉత్తరం పోకుండా భద్రంగా దాచిపెట్టడం దాని ప్రత్యేకత.

ఇలా ప్రయోగాలు లోకంలో పుట్టాయి, వాటికి లక్షణాలు ఇంకా పుట్టలేదు. ఎవరికి వారు ఏదో ఒక కంపెనీ గదిలో కూర్చొని దెబ్బ తిని, ఉపాయం కనిపెట్టి, ఆ ఉపాయానికి పేరు లేక ఇతరులకు చెప్పలేక ఊరుకొనేవారు. ముందు లక్ష్యం, తరువాత లక్షణం అన్నది మన అలంకారికులకూ తెలిసిన క్రమమే. కవులు ఉపమలు ప్రయోగించిన తరువాతనే గదా ఉపమకు పేరు, విభాగాలు ఏర్పడ్డాయి!

ఆ పేరు పెట్టే విద్య కంప్యూటర్లవారికి ఒక వాస్తుశిల్పి నుండి వచ్చింది. ఆయన క్రిస్టఫర్ అలెగ్జాండర్. 1960ల ఆరంభంలో గుజరాతులోని ఒక పల్లెలో ఉండి, అక్కడ ఒక బడి కట్టినవాడు. 1964లో వెలువడిన తన గ్రంథానికి అనుబంధంగా ఒక భారతీయ గ్రామపు అవసరాలను పట్టికగా విశ్లేషించాడు. 1977లో తన సహచరులతో కలిసి, ఇళ్లూ వీథులూ కట్టడంలో పదే పదే ఎదురయ్యే సమస్యలను, వాటి పరిష్కారాలను 253 నమూనాలుగా పేర్లు పెట్టి వివరించాడు. 1987లో కెంట్ బెక్, వార్డ్ కనింగ్‌హామ్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రోగ్రాములకు అన్వయించారు. 1994లో నలుగురు రచయితలు 23 నమూనాలతో ఒక గ్రంథం వెలువరించారు. ఆ నలుగురికి 'గ్యాంగ్ ఆఫ్ ఫోర్' అనే ముద్దుపేరు స్థిరపడింది. ఈ సంప్రదాయంలో 2003లో గ్రెగర్ హోపే, బాబీ వూల్ఫ్ అనేవారు వ్యాపార వ్యవస్థలను సందేశాలతో కలిపే 65 నమూనాలను గ్రంథస్థం చేశారు. దాని పేరు 'ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్'. నా చేతికి వచ్చినది అదే.

అందులో అన్నింటినీ వివరించే శక్తి నాకు లేదు. నన్ను ఆకట్టుకొన్నవి మూడు చెబుతాను.

మొదటిది కోరిలేషన్ ఐడెంటిఫయర్. వంద ప్రశ్నలు పంపితే వంద జవాబులు వెనుకాముందుగా వస్తాయి. ఏ జవాబు ఏ ప్రశ్నకో తెలియడానికి ప్రశ్న మీద ఒక గుర్తు వేసి, జవాబు మీద అదే గుర్తు తిరిగి వేయమనడం. ప్రభుత్వ ఉత్తరాలలో పైన 'సూచిక' అని సంఖ్య వేసే ఆచారం మనకు తెలిసినదే.

రెండవది డెడ్ లెటర్ చానల్. చిరునామా దొరకని ఉత్తరాలను తపాలాశాఖ పారవేయక, ఒక ప్రత్యేక కార్యాలయానికి పంపేది. ఆ పేరునే కంప్యూటర్లవారు తీసుకొన్నారు. చేర్చలేని సందేశాన్ని చింపివేయరాదు, దారికి అడ్డంగానూ ఉంచరాదు. పక్కన ఒక పెట్టెలో వేసి, మనిషి వచ్చి చూసేదాకా భద్రపరచాలి. ఈ నియమంలో నాకు మర్యాద కనిపించింది.

మూడవది అన్నింటికంటె గొప్పది, ఐడెంపొటెంట్ రిసీవర్. ఐడెంపొటెంట్ అనే మాటను 1870లో బెంజమిన్ పియర్స్ అనే గణితవేత్త సృష్టించాడు. ఎన్నిమార్లు చేసినా ఒకమారు చేసిన ఫలితమే ఇచ్చేదని అర్థం. ఉత్తరం అందినదో లేదో తెలియనప్పుడు పంపినవాడు మళ్లీ పంపక తప్పదు. అప్పుడు ఒకే ఉత్తరం రెండుమార్లు చేరవచ్చు. దానిని నివారించలేము. కాబట్టి పుచ్చుకొనేవాడే ప్రతి ఉత్తరపు సంఖ్యను గుర్తుంచుకొని, 'ఇది ఇదివరకే అందింది, దీని పని అయిపోయింది' అని రెండవదానిని నిశ్శబ్దంగా పక్కన పెట్టాలి. కావ్యంలో పునరుక్తి దోషమని ముప్పైయేళ్లు పిల్లలకు చెప్పినవాడిని నేను. ఇక్కడ పునరుక్తి దోషం కాదు, రక్షణ. ఆ పునరుక్తి వల్ల హాని కలగకుండా చూసుకోవడం శ్రోత బాధ్యత.

ఇద్దరు సేనాపతుల సమస్యకు లోకం ఇచ్చిన సమాధానం ఇదే. ఆ సమస్య తీరలేదు. తీరదని తెలిసి, సందేహం ఉన్నా నష్టం లేకుండా బ్రతకడం నేర్చుకొన్నారు.

మరి సగం జరిగి ఆగిన పని సంగతేమిటి? 1987లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెక్టర్ గార్సియా-మొలీనా, కెన్నెత్ సేలం 'సాగా' అనే పద్ధతి చెప్పారు. ఒక పెద్ద పనిని చిన్న చిన్న పనుల వరుసగా చేయాలి. ప్రతి చిన్నపనికీ, దానిని సరిదిద్దే ఒక ప్రతిక్రియను ముందే సిద్ధం చేసి ఉంచాలి. నడుమ ఏదైనా చెడితే, అయిన పనులను ఆ ప్రతిక్రియలతో వెనుక నుండి ఒక్కొక్కటిగా సరిచేస్తూ రావాలి. జరిగినది జరగలేదని అనలేము, పరిహారం చేయగలము. మన ధర్మశాస్త్రాల ప్రాయశ్చిత్తం వంటిది. 2004లో హోపే జపాను వెళ్లివచ్చి ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. కాఫీ దుకాణం పెళ్లిపెద్ద పద్ధతిని పాటించదని అందులో చమత్కారంగా చూపించాడు. డబ్బు పుచ్చుకొంటారు, కప్పు మీద గుర్తు వ్రాసి వరుసలో పెడతారు, కాఫీ చెడితే మళ్లీ చేసి ఇస్తారు, చేయలేకపోతే డబ్బు వాపసు. అప్పుడప్పుడు ఒక కప్పు నష్టమయినా, వరుస మాత్రం ఆగదు.

నా డబ్బును వెనక్కి పొమ్మన్నది ఎవరో నాకు ఇప్పుడు తెలిసింది. ఇక్కడ శాస్త్రం రాజశాసనంగా కూడా మారింది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. యూపీఐ ద్వారా వ్యాపారికి చెల్లించినప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గి, అవతల చెల్లింపు ధ్రువపడకపోతే, లావాదేవీ నాటి నుండి అయిదు రోజులలోగా ఆ సొమ్ము ఖాతాదారు అడగకుండానే తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. 1987 నాటి ప్రతిక్రియ అనే ఊహ ముప్పై రెండేళ్ల తరువాత నా వంటి సామాన్యునికి హక్కు అయింది.

ముగించే ముందు జిమ్ గ్రే గురించి ఒక మాట. లావాదేవీల శాస్త్రానికి చేసిన సేవకు ఆయనకు 1998 ట్యూరింగ్ పురస్కారం లభించింది. 2007 జనవరి 28న, తల్లి చితాభస్మాన్ని సముద్రంలో కలపడానికి, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఫారలాన్ దీవుల వైపు తన పడవలో ఒంటరిగా బయలుదేరాడు. తిరిగి రాలేదు. ఆపదలో ఉన్నట్లు ఒక్క సంకేతమూ అందలేదు. తీరరక్షక దళం వెదికింది. మిత్రులు ఉపగ్రహ చిత్రాలు తెప్పించి, వేలమంది స్వచ్ఛంద సేవకులతో సముద్రాన్ని చిన్న చిన్న ముక్కలుగా గాలించారు. పడవ జాడ దొరకలేదు. 2012లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది.

జవాబు రాని ఉత్తరానికి ఎంతకాలం ఎదురుచూడాలి అన్న ప్రశ్నకు యంత్రాలలో 'టైమౌట్' అనే పేరుతో ఒక గడువు పెడతారు. గడువు దాటితే మొదటి దారి మూసి మరొక దారి పడతారు. ఆ గడువు నిజాన్ని చెప్పదు, ఇక ముందుకు నడవవచ్చునని అనుమతి మాత్రం ఇస్తుంది. ఆయన కుటుంబం అయిదేళ్లు నిరీక్షించింది. నేను నా 1,140 రూపాయల కోసం నాలుగు రోజులు ఓపిక పట్టలేకపోయినందుకు కాస్త సిగ్గుపడ్డాను.

మీలో ఈ అతుకుల పని చేసేవారు, చేసినవారు చాలామంది ఉన్నారని ఎరుగుదును. నా అవగాహనలో దోషాలుంటే మొగమాటం లేకుండా దిద్దండి. ఒకే దిద్దుబాటు ఇద్దరు ముగ్గురు చెప్పినా బాధ లేదు. ఒకమారే దిద్దుకొంటాను.

స్వస్తి.